ఏడో నంబరు పొట్టేలు

ఉదయగిరి, 3 జనవరి 1954, ఆదివారం

రోజుకో పేజీ ఉన్న డైరీ ఇది. ఉదయగిరిలో సైన్సు మాస్టరుకు రోజుకో పేజీ నిండేంత సంగతులు ఎక్కడివి? ఆరేళ్ళుగా అదే నల్లబల్ల, అదే సుద్దముక్క, అదే కప్ప బొమ్మ. కానీ ఈ ఏడు వేరు. ఈ ఏడు నాకు ప్రొఫెసర్ ప్రేమానందం గారు ఉన్నారు. ఎవరికీ చూపించే రాత కాదు కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాసుకుంటాను.

ఈ రోజు ఆయన్ను ఎద్దులబండిలో సీతారామపురం దారిలో గొర్రెలు పెంచే కోటమ్మ దొడ్డికి తీసుకుపోయాను. రెండు మైళ్ళే గానీ, మోకాళ్ళు పట్టేసి ఆయన బండి దిగడానికే పది నిమిషాలు పట్టింది. ఇక మళ్ళీ రాలేనన్నారు. మద్రాసులో ముప్పై రెండేళ్ళు డాక్టర్లకు పాఠం చెప్పి రిటైరైన మనిషి. అలాంటివాడు గొర్రె పెంటికల మధ్య నిలబడి, ఒక్కో జీవం కనురెప్ప తిప్పి చూస్తుంటే నేను వెనకే తిరిగాను. మా హెడ్మాస్టరు తన క్లాసు గుమ్మం కూడా దాటడు.

కోటమ్మ మందలో రెండేళ్ళ కిందట దొమ్మరోగం వచ్చి రెండు వందల జీవాల్లో నూట నలభై పోయాయి. పొద్దున మేసినవి సాయంత్రానికి పడిపోయాయట. ఒక్క పొట్టేలు మాత్రం రోగం తగిలి, మూడు రోజులు నురుగు కక్కుతూ పడుకుని, నాలుగో రోజు లేచి మేతకు పోయింది. ప్రొఫెసరు గారు ఇంత దూరం వచ్చి ఉదయగిరిలో ఇల్లు అద్దెకు తీసుకున్నది దాని కోసమే. మొత్తం పన్నెండు జీవాలను ఎంచి మెడలకు రేకుబిళ్ళలు కట్టించారు. ఆ పొట్టేలుకు ఏడో నంబరు పడింది. బిళ్ళ కట్టేటప్పుడు కోటమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

తిరిగి వచ్చేటప్పుడు బండిలో ఆయన చెప్పింది ఇది.

“అందరూ రక్తంలో నీళ్ళ చుట్టూ తిరుగుతుండారు మాస్టారూ. సీరం, సీరం అని. కాదనను. కానీ ఆ నీళ్ళకు బలం వచ్చేదానికి వారం పడుతుంది గదా. ఆ వారం ఒంటిని కాపాడేది ఎవరు? తెల్లకణాలు. పుట్టుకతో వచ్చిన కాపలావాళ్ళు. క్రిమి కనపడితే ఊరూ పేరూ అడగరు, మింగేస్తారు. కొన్ని జీవాలకు ఈ కాపలా పుట్టుకతోనే గట్టిదని నా నమ్మకం. మద్రాసులో నవ్వినారు. ఏడో నంబరు చెప్పాల ఇంక.”

కలువాయి పక్క పుట్టిన మనిషి. ఇంగ్లీషులో ఎంత చదివినా తెలుగు మాత్రం మన తెలుగే.

నా పని ప్రతి ఆదివారం తెల్లవారగానే సైకిలు మీద పోయి, పన్నెండు జీవాల చెవి కొసన చిన్న గాటు పెట్టి, ఉప్పునీళ్ళున్న ట్యూబుల్లోకి రక్తం పట్టి తేవడం. దీని మీద అచ్చు వేయించే వ్యాసంలో నా పేరు కూడా వేస్తానన్నారు! మద్రాసు కాలేజీలో డిమాన్‌స్ట్రేటరు ఉద్యోగం ఖాళీ ఉంది. ఏప్రిల్ పదిహేను లోపల దరఖాస్తు. పని బాగుంటే ఉత్తరం రాసిస్తానన్నారు. ఆదిశేషమ్మతో చెప్తే, “ముందు గొర్రె వాసన పోయేదాకా స్నానం చెయ్యండి, మద్రాసు సంగతి తర్వాత” అంది. మా ఆవిడకు వేళాకోళం ఎక్కువ.

10 జనవరి

ఇదేం గొడవ. పదకొండు జీవాల చెవులు ఏ పేచీ లేకుండా అయ్యాయి. ఏడో దాని దగ్గరికి పోగానే కోటమ్మ అడ్డం నిలబడింది.

“దాన్ని ముట్టుకోబాక అయ్యోరా. మంద కూలిపోయిన రోజు మొక్కుకున్నా. ఇదొక్కటి లేచి నిలబడితే గంగమ్మకే ఇస్తానని. లేచింది. ఉగాది పోయినాక జాతరలో ఇయ్యాల. చెవి గాటు పడిన జీవాన్ని ఆ తల్లి తీసుకోదు.”

“పోయిన వారం ప్రొఫెసరు గారితో చెప్పుంటే సరిపోయేది గదా!”

“అంత పెద్దాయన ముందర నోరెట్ట తెరిచేది? నువ్వు చెప్పు.”

మంద మేతకు పోయే వేళ. వాదించే సమయం కాదు. అదే తల్లికి తర్వాతి ఈతలో పుట్టిన తమ్ముడు పొట్టేలు పక్కనే ఉంది. అదే రంగు, అదే ముక్కు. దాన్ని పట్టుకోమని కోటమ్మే చూపించింది. దాని రక్తం పట్టి ట్యూబు మీద ఏడు అని రాశాను. గొర్రె గొర్రే కదా. పైగా అన్నదమ్ములు. ఇది ఆయనకు చెప్పి ఆయన మనసు పాడు చేయవలసినంత పెద్ద సంగతి కాదు.

పని తీరు రాసిపెట్టుకోవాలి. రక్తంలో, ముందే చంపి ఉంచిన రోగక్రిముల నీళ్ళు రెండు చుక్కలు కలిపి, అరగంట వెచ్చగా ఉంచాలి. ఉదయగిరిలో కరెంటు లేదు, వెచ్చబెట్టే పెట్టె లేదు. అందుకని ట్యూబులు గుడ్డలో చుట్టి చెరో ఆరు చంకలో పెట్టుకుని, చేతులు బిగించి, ఎదురెదురుగా కుర్చీల్లో కూర్చున్నాం. “భగవంతుడిచ్చిన ఉచిత యంత్రం ఇది, మద్రాసులో దీనికి టెండరు పిలుస్తారు” అన్నారాయన. ఆదివారం పూట పని చేస్తే ఫరవాలేదా అని అడిగితే, “ఆయన చేసిన వాటినే చూస్తుండా గదా, కోపమెందుకు?” అన్నారు. తర్వాత స్లైడు మీద పూసి, రంగు వేసి, కిటికీ వెలుతురులో నూరు తెల్లకణాలు చూసి అవి ఎన్ని క్రిములు మింగాయో లెక్కపెట్టాలి. ఆయన వేరే, నేను వేరే. ఒకరి లెక్క ఒకరు చూడకూడదు. ఎంత పెద్దవాడైనా ఇదే నియమమట.

17 జనవరి

పని అయింది.

24 జనవరి

పని అయింది. చలి.

2 ఫిబ్రవరి

ఈ రోజు ప్రొఫెసరు గారు మా బడికి వచ్చారు. మైక్రోస్కోపు ఒళ్ళో పెట్టుకుని రిక్షాలో వచ్చారు. నేను రెండు పేజీల ఉపోద్ఘాతం తయారు చేసుకున్నాను గానీ, ఆయన “నమస్కారం” అనే లోపలే సూదితో తన వేలు పొడుచుకున్నారు. క్లాసంతా గుప్‌చుప్. ఆ చుక్కను స్లైడు మీద పూసి, రంగు వేసి, నలభై మందినీ వరసగా పిలిచి చూపించారు. “ఎవరికి ఏం కనబడిందో అది గీయండి. పేరు పెట్టబళ్ళేదు. గీయండి చాలు.”

నేనూ గీశాను. పిల్లల ముందు నా చెయ్యి ఎలాంటిదో చూపించుకోవాలి గదా. గుండ్రటి కణం, లోపల కేంద్రకం చక్కగా మూడు గుండ్లు. ఆయన నా కాగితం చూసి రబ్బరు తీశారు.

“ఇది పుస్తకంలో ఉండేది మాస్టారూ. అద్దంలో ఉండేది ఇది కాదు. మళ్ళా చూడండి.”

నలభై మంది ముందు! నా చెవులు మండాయి. మళ్ళీ చూశాను. నిజమే. కణం గుండ్రంగా లేదు. ఒక పక్కకు పాకుతున్నట్టు సాగి ఉంది. లోపల గుండ్లు కూడా మూడు కాదు, రెండున్నర అనాలి. ఆరేళ్ళుగా నేను పిల్లలకు పుస్తకం బొమ్మే గీసి చూపిస్తున్నాను. కోపం గంట సేపు ఉంది. సాయంత్రానికి అది పోయి ఇంకేదో మిగిలింది. ఇలాంటి గురువు నాకు ఇరవయ్యో ఏట దొరికి ఉంటే నేను ఇలా తయారయ్యేవాణ్ణి కాదు.

7 ఫిబ్రవరి

పని అయింది. ఏడు: నూట డెబ్బై ఒకటి. మిగతావి నూట అరవై నుంచి నూట తొంభై. ఆయన రెట్టింపు రావాలని ఎదురుచూస్తున్నారు. ఇద్దరి లెక్కలూ పక్కపక్కన పెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుని, “ఇంకా నాలుగైదు వారాలు చూద్దాం” అన్నారు.

గొర్రె గొర్రే కదా. అసలు దాని రక్తమే పట్టినా ఇంతే వచ్చేదేమో.

14 ఫిబ్రవరి

పని అయింది. 

19 ఫిబ్రవరి

స్లైడ్లు కడుగుతూ మాటల్లో చెప్పారు. 1931లో ఒక వ్యాసం అచ్చు వేశారట. తిండి చాలని మనుషుల్లో తెల్లకణాలు తక్కువ మింగుతాయని. అందరూ మెచ్చుకున్నారు. నాలుగు నెలల తర్వాత తెలిసింది, రంగు కలిపిన నీళ్ళు పులిసినవని. మింగిన క్రిములకు రంగు పట్టలేదు, కనబడలేదు, అంతే. ఎవరూ కనిపెట్టలేదు. కనిపెట్టే వీలూ లేదు, ఆ సీసా అప్పటికే పారబోశారు. అయినా ఆయనే పత్రికకు ఉత్తరం రాశారు, నా వ్యాసం తప్పు, తీసేయండి అని. దాంతో ప్రమోషను ఆరేళ్ళు ఆగిపోయింది.

“ఆ ఉత్తరం రాసేటప్పుడు చెయ్యి వణకలేదా సార్?”

“వణికింది. అందుకే రెండుసార్లు రాయాల్సొచ్చింది.”

నవ్వి, స్లైడు వెలుతురుకు పెట్టి చూసి మళ్ళీ కడిగారు. నేను ఎందుకో కాఫీ సగంలోనే వదిలేసి వచ్చాను. చలికి అయి ఉంటుంది.

27 ఫిబ్రవరి, ఆత్మకూరు

మద్రాసు నుంచి రంగు సీసాలు లారీలో వచ్చాయంటే తెచ్చుకోవడానికి వచ్చాను. బజారులో మా నాయన అంగడి ముందు నలుగురు కూర్చుని ఉన్నారు. నన్ను చూడగానే నాయన తక్కెడ వదిలి లేచాడు.

“ఇదిగో, మా మల్లికార్జునం. మద్రాసు ప్రొఫెసరు పక్కన వీడి పేరు కూడా అచ్చేస్తున్నారు. ఏప్రిల్ తర్వాత వీడు మద్రాసులో ఉంటాడు.”

“ఇంకా కాలేదు నాయనా.”

“అవుతుందిలే. నువ్వు చేసిన పని చేతిలో ఉండాది గదా!”

పదేళ్ళ కిందట నేను అంగడిలో కూర్చోనని చెప్పిన రోజు నాతో ఆర్నెల్లు మాట్లాడని మనిషి. ఈ రోజు బెల్లం ముక్క చేతిలో పెట్టి తినమన్నాడు. తిన్నాను.

7 మార్చి

పని అయింది.

14 మార్చి

పని అయింది. ఎండలు మొదలు.

21 మార్చి, ఆదివారం

పదకొండు వారాలు. ఈ రోజుతో లెక్క పూర్తి.

ఆయన మొత్తాలు వేశారు. ఏడో నంబరు సగటు నూట డెబ్బై నాలుగు. మిగతా పదకొండింటి సగటు నూట డెబ్బై ఒకటి. పెన్సిలు కింద పెట్టి, కిటికీలోంచి దుర్గం కొండ వైపు కాసేపు చూశారు. ఏదో ఒక సాకు వెతుకుతారని నేను ఎదురుచూశాను. నేనైతే పది వెతికేవాణ్ణి.

“ఏడో నంబరుకి ప్రత్యేకం ఏమీ లేదు మాస్టారూ. నా నమ్మకం తప్పు.”

“ఇంకా కొన్నాళ్ళు చూస్తే...”

“పదకొండు వారాలు చూసినాం. నాకు కావాల్సిన జవాబు వచ్చేదాకా చూస్తా పోవడం పరీక్ష కాదు గదా.”

ముప్పై రెండేళ్ళ నమ్మకం! ఒక్క కాగితం తీసి, మొదటి వాక్యంలోనే తాను ఇన్నేళ్ళుగా క్లాసుల్లో చెప్పింది ఈ పరీక్షలో నిలబడలేదని రాశారు. గొంతు మారలేదు. తర్వాత నా వైపు తిరిగి, “మీరు మాత్రం కష్టపడినారు” అని ఒక కవరు ఇచ్చారు. మద్రాసుకు నా గురించి ఉత్తరం. ‘ఇతని మాటను నేను పూర్తిగా నమ్ముతాను’ అని ఉంది అందులో.

ఇంతటి మనిషిని నేను చూడలేదు. ఇక ముందు చూడను కూడా.

23 మార్చి

చెప్పాలి.

24 మార్చి

బడిలో పరీక్షలు. తీరిక లేదు.

26 మార్చి

ఈ రోజు పోయాను. ఆయన పాత విద్యార్థుల ఉత్తరాలు చదువుకుంటున్నారు. కర్నూలు నుంచి ఒకాయన, రంగూన్ నుంచి ఒకాయన, అందరూ డాక్టర్లే. ఒకాయన రాశాడు, రోగిని చూసినప్పుడల్లా మీ మాట గుర్తొస్తుంది, పుస్తకంలో ఉండేది కాదు కళ్ళెదుట ఉండేది చూడు అని. నాకు చదివి వినిపించారు. ఆ సమయంలో ఎలా చెప్తాను?

28 మార్చి

“ఏమైంది మీకు? అన్నం ముందు కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్నారు” అంది ఆదిశేషమ్మ. తలనొప్పి అన్నాను.

30 మార్చి, మంగళవారం

వ్యాసానికి శుభ్రమైన ప్రతి రాసిపెట్టమని పంపారు. నా దస్తూరి బాగుంటుందని. ‘ఏడో నంబరు పొట్టేలు రక్తం పదకొండు వారాలు...’ దాకా వచ్చాను. పెన్ను కదలలేదు. ఆ కాగితాల కింద ఇంకో ఉత్తరం ఉంది, పొరపాటున వచ్చింది. మైక్రోస్కోపును కాలేజీకి ఇచ్చేస్తానని, ఇక తనకు దానితో పని లేదని, కలువాయిలో చెల్లెలి దగ్గరికి పోతానని.

ఉన్నది ఉన్నట్టు రాస్తానని మొదటి పేజీలో రాశాను. రాయలేదు. తమ్ముడు పొట్టేలును కోటమ్మ చూపించలేదు. “దీన్నన్నా ఇవ్వు” అని నేనే అడిగాను. ఆయనకు చెప్తే పరీక్ష ఆగిపోతుందని, పరీక్ష ఆగితే నా పేరు అచ్చు కాదని, ఉత్తరం రాదని, ఆ దొడ్డి దగ్గరే, ఆ నిమిషమే లెక్క వేసుకున్నాను. గొర్రె గొర్రే అని నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. అలా అయితే ఆయన ఇంత దూరం ఎందుకు వస్తారు?

కాగితాలు పట్టుకుని పోయాను. వరండాలో కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకుంటున్నారు.

“సార్, ఏడో నంబరు రక్తం మీరు ఒక్కసారి కూడా చూడలేదు. అది మొక్కుబడి పొట్టేలు. గాటు పెట్టనివ్వలేదు. నేను వేరే దాని రక్తం తెచ్చి ఏడు అని రాశాను. పదకొండు సార్లూ.”

చెయ్యి మోకాలి మీదే ఆగిపోయింది. తిడతారనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

“పొట్టేలు బతికుండాదా?” అన్నారు.

“ఉంది సార్. జాతర వచ్చే మంగళవారం.”

“రేపు బండి కట్టించు.”

అంతే. నేను గుమ్మం దాకా వచ్చాక వెనక నుంచి పిలిచారు, మాస్టారూ అని కాదు, పేరు పెట్టి. “మల్లికార్జునం. పదకొండు వారాలు నా ఎదురుగా కూర్చుని లెక్కపెట్టినావు.”



31 మార్చి

బండిలో పోయాం. కోటమ్మ దొడ్డి ముందు తడికె కడుతోంది. ఆయన దిగేసరికి లేచి కొంగు సర్దుకుంది.

“ఏం తల్లీ, ఆ పొట్టేలు గంగమ్మ మొక్కంట గదా.”

“అవును సామీ. అయ్యోరితో మొదటి వారమే చెప్పినా. రెండో వారం వచ్చి, డాకటరయ్య ఒప్పుకున్నాడు, వేరేది చాలన్నాడని చెప్పినాడే!”

అవును, అది కూడా నేనే. డైరీలో ఆ రోజు ‘పని అయింది’ అని రాసుకున్నాను.

ఆయన నా వైపు చూడలేదు. “నీ తప్పేం లేదమ్మా. మొక్కు మొక్కే. దానికి గాటు పెట్టను. చూసిపోదామని వచ్చినా” అన్నారు. నేను ఉండబట్టలేక మధ్యలో దూరాను. “కోటమ్మా, ఒక్క చుక్క...” ఆయన చెయ్యి ఎత్తారు, నోరు మూసుకున్నాను. పొట్టేలు దగ్గరికి పోయి దాని నుదురు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డారు. ముప్పై రెండేళ్ళు వెతికిన జవాబు ఆయన అరచేతి కింద ఊపిరి తీస్తోంది. ఆరు రోజుల్లో పోతుంది. అయినా అడగలేదు.

కోటమ్మే అంది. “తల తెగినాక రక్తం నేల పాలే గదా సామీ. తల్లికి చెందాల్సింది తల్లికి చెందినాక నువ్వు పట్టుకో. దానికేం దోషం లేదు.” నా వైపు చూస్తూ, “దాని పిల్లలు పద్నాలుగుండాయి మందలో. వాటికి మొక్కు లేదు. ఈ అయ్యోరు ఒక్క మాట అడిగుంటే అప్పుడే చెప్పి ఉందును.”

అడగలేదు. అడగడానికి ముందు నిజం చెప్పాలి కదా.

6 ఏప్రిల్, జాతర

పలకల మోత, దుమ్ము, జనం. ఆ ఎండలో ఆయన చెప్పులు విడిచి, చేతిలో ట్యూబులతో నిలబడ్డారు. “మీది వేరే మతం గదా అయ్యా” అని ఎవరో అడిగితే, “రక్తానికి మతం ఉండాదా నాయనా?” అన్నారు. అడిగినవాడు గొడుగు తెచ్చి పట్టాడు.

ఏడో దాని రక్తం ఒక్కటే పట్టుకుంటే సరిపోదని, అదే వేళకు కోసిన ఇంకో మూడు పొట్టేళ్ళ రక్తం కూడా, వాటి యజమానులను అడిగి, అదే తీరున పట్టించారు. బెదిరింపు, పరుగు, ఎండ నాలుగింటికీ ఒకటే ఉండాలి కదా. ఇంత తోపులాటలో ఆ ఆలోచన రావడమే నాకు ఆశ్చర్యం. కోటమ్మ కన్నీళ్ళు తుడుచుకుంటూ దగ్గర నిలబడి ఏడో దాని రక్తం తానే పట్టి ఇచ్చింది. ట్యూబుల మీద గుర్తులు ఆయనే రాశారు. నన్ను అటు తిరిగి నిలబడమన్నారు. తిరిగాను.

బండిలోనే చంకల్లో పెట్టుకున్నాం. మధ్యాహ్నానికి నాలుగు స్లైడ్లు, క, గ, చ, త. ఏది ఏదో నాకు తెలియకూడదు, గుర్తులున్న కాగితం ముడిచి బైబిలులో పెట్టేశారు. లెక్కపెట్టాను. క, నూట ఎనభై మూడు. గ, నూట అరవై తొమ్మిది. చ దగ్గర నా కళ్ళను నేను నమ్మలేదు. ఒక్కో కణం లోపల నాలుగు, ఐదు, ఆరు క్రిములు. ఖాళీ కణమే దొరకడం లేదు. మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాను. మూడు వందల తొంభై ఒకటి. త, నూట డెబ్బై ఆరు.

తర్వాత ఆయన లెక్కపెట్టారు. చ, నాలుగు వందల రెండు. కాగితం తీసి విప్పారు. చ అంటే ఏడు.

నేను కుర్చీ తన్నేసి లేచాను. “సార్! మీరు చెప్పిందే! ఇన్నేళ్ళూ మీరు చెప్పిందే నిజం!”

ఆయన కళ్ళద్దాలు తీశారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నేను చూశాను. కానీ మాట మాత్రం ఇది.

“కూర్చో. ఒక్క పొట్టేలు, ఒక్క రోజు. అదీ ఇప్పుడు లేదు. రోగం వచ్చి తగ్గినందువల్ల వచ్చిన బలమో, పుట్టుకతో వచ్చిందో దీంతో తెలవదు. నా మాట నిజమని చెప్పలేను. అబద్ధమని రాసిన కాగితం మాత్రం చించేయొచ్చు.” చించేశారు. “పిల్లల్ని చూడాల. రోగం తగలని పిల్లల్ని. ఐదేళ్ళ పని, పదేళ్ళ పని.” అరవై దాటిన మనిషి, మోకాళ్ళు పనిచేయని మనిషి, పదేళ్ళ పని అని సంతోషంగా అంటున్నారు.

7 ఏప్రిల్

ఈ రోజు నోటుబుక్కు ముందు పెట్టారు. పదకొండు వారాల ఏడో నంబరు అంకెలన్నీ ఎర్రసిరాతో కొట్టేసి ఉన్నాయి.

“కారణం నీ చేత్తో రాయి. ఈ పుస్తకం రేపు మద్రాసుకు పోయినా, నా తర్వాత ఎవరి చేతికి పోయినా, చదివినవాడికి తెలియాల.”

మద్రాసుకు. నేను ఉద్యోగం అడగబోతున్న చోటికి. చాలాసేపు ఆలోచించి రాశాను. ‘మంద యజమానురాలు కోటమ్మ రక్తం తీయనివ్వనందున ఈ అంకెలు వేరే పొట్టేలువి.’

చదివారు. “ఇది అబద్ధం కాదు. కానీ ఆమె మొదటి వారమే నిజం చెప్పింది. ఆమెను ముందు నిలబెట్టి నువ్వు వెనకాల ఎందుకు దాక్కున్నావు?”

కొట్టేశాను. మళ్ళీ రాశాను. ‘కోటమ్మ మొక్కు సంగతి నాకు చెప్పింది. నేను ప్రొఫెసరు గారికి చెప్పలేదు. వేరే పొట్టేలు రక్తం తెచ్చి ఏడు అని రాశాను. ఉద్యోగం మీద ఆశతో పదకొండు వారాలు దాచాను. మల్లికార్జునం.’

చెయ్యి వణికింది. రెండుసార్లు రాయాల్సొచ్చింది.

కింద ఆయన సంతకం చేసి తేదీ వేశారు. తర్వాత, “ఆ ఉత్తరం ఇవ్వు” అన్నారు. జేబులోనే ఉంది, ఇచ్చాను. మడిచి డ్రాయరులో పెట్టుకున్నారు. “ఈ సంవత్సరం నేను ఈ మాట రాయలేను. నీ మీద కోపంతో కాదు.”

“తెలుసు సార్.”

“ఈ ఆదివారానికి పిల్లల బిళ్ళలు తయారు కావు, కుదరదు. పై ఆదివారం పిల్లల రక్తం మొదలుపెట్టాల. నాకు మోకాళ్ళు లేవు. పోతావా?”

పదకొండు వారాలు మోసం చేసినవాణ్ణి, మళ్ళీ ఆ దొడ్డికే, మళ్ళీ ఒంటరిగా! పోతానన్నాను. 

10 ఏప్రిల్, ఆత్మకూరు

నాయనతో చెప్పాను. మొత్తం. అంగడి తలుపు వేసి విన్నాడు. “అయితే మద్రాసు లేదా?” అన్నాడు. లేదన్నాను. తలుపు మళ్ళీ తీస్తూ, “ఇంటికొచ్చి అన్నం తిను” అన్నాడు. తిట్టలేదు. తిడితే సులువుగా ఉండేది.

18 ఏప్రిల్, ఆదివారం

దరఖాస్తు గడువు పదిహేనుతో పోయింది. ఆ రోజంతా తపాలా ఆఫీసు వైపు పోకుండా వేరే వీధిలో తిరిగాను. బాధ లేదని రాయను. ఉంది.

ఈ రోజు పొద్దున కోటమ్మ దొడ్డికి పోయాను. పద్నాలుగు పిల్లలకూ బిళ్ళలు కట్టాం. కత్తి తీసే ముందు అడిగాను. “వీటిలో మొక్కులేమైనా ఉండాయా కోటమ్మా?” ఆమె నన్ను ఎగాదిగా చూసి నవ్వింది. “ఇప్పుడు అడుగుతుండావే! ఆ మచ్చ పిల్లను నా కోడలు మొన్ననే మొక్కుకుంది. దాన్ని వదిలెయ్.” మచ్చ పిల్లకు అప్పటికే పదకొండో నంబరు కట్టి ఉంది. పిల్లలన్నీ తల్లుల కోసం అరుస్తున్నాయి. దాని పక్కన దానిలాంటివే ఇంకో నాలుగు పిల్లలు, చెయ్యి చాపితే అందేంత దగ్గర. పదమూడు ట్యూబులతో తిరిగి వచ్చాను.

ప్రొఫెసరు గారి ముందు నోటుబుక్కు పెట్టాను. పదకొండో గడిలో అంకె లేదు. ‘మొక్కుబడి పిల్ల. రక్తం తీయలేదు’ అని పక్కన రాశాను. ఆయన వేలు పేజీ మీద పైనుంచి కిందికి వచ్చి, అక్కడ ఆగింది. ఏమైనా అంటారేమో, ఒక పిల్ల తగ్గింది కదా అనుకున్నాను.

“ఈ పేజీలో నాకు నచ్చిన గడి ఇది మాస్టారూ” అన్నారు, ట్యూబులు అందుకుని ఏడు తన చంకలో పెట్టుకుంటూ. మిగతా ఆరూ నాకిచ్చారు.

ఇంటికి వచ్చి చెప్తే, “ఖాళీ గడికి ఇంత సంబరమా!” అని ఆదిశేషమ్మ నవ్వింది. నేనూ నవ్వుదామనుకున్నాను. ఏడుపు వచ్చింది.